రోమ్‌కు అన్నం పెట్టిన రేవు

రోమ్ వెళ్లే మనవాళ్లు కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ చూడకుండా రారు. చక్రవర్తుల, పోపుల దర్జా ఏమిటో అవి చెబుతాయి. కానీ రెండో శతాబ్దంలో దాదాపు 10 లక్షల మంది ఉన్నారని చరిత్రకారులు అంచనా వేసే ఆ నగరం ఏం తిని బతికిందో అవి చెప్పవు. చుట్టుపక్కల పొలాల పంట అంతమందికి చాలేది కాదు. గోధుమలు ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికాల నుంచి, ఆలివ్ నూనె ఎక్కువగా దక్షిణ స్పెయిన్ నుంచి ఓడల్లో రావలసిందే. కాబట్టి రోమ్ ఎలా నిలబడిందో తెలుసుకోవాలంటే పాలరాతి కట్టడాలు చాలవు, సరుకు దిగిన చోట్లు చూడాలి.

టైబర్ నదికి దగ్గర్లో, టెస్టాచ్చో పేటలో సుమారు 35 మీటర్ల ఎత్తున్న గుట్ట ఉంది. దూరం నుంచి గడ్డి మొలిచిన మట్టిదిబ్బే. దగ్గరికెళితే అంతా పగిలిన పెంకులు. నూనె తెచ్చిన జాడీలు 5 కోట్లకు పైగా ఇక్కడ పోగుపడ్డాయని అంచనా. ఎక్కువగా కనిపించే స్పెయిన్ జాడీ ఖాళీదే 30 కిలోలు తూగుతుంది, దాదాపు 70 లీటర్ల నూనె పడుతుంది. నూనె పీల్చిన మట్టి మళ్లీ వాడకానికి పనికిరాదు. అందుకే జాడీలను పగలగొట్టి, వరసలుగా పేర్చి, కంపు రాకుండా సున్నం చల్లారు. కొన్ని పెంకుల మీద రాతలు ఇప్పటికీ చదవొచ్చు: ఖాళీ జాడీ బరువు, నూనె బరువు, వర్తకుడి పేరు, తనిఖీ వివరం, సంవత్సరం. ఒక్క మాటలో, అది సర్కారు తూకం చీటీ.

చెత్తకుప్పను పట్టుకుని నగర చరిత్ర చెప్పడమేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయముంది. గుట్ట చెప్పేది ప్రధానంగా నూనె సంగతే, గోధుమలు ఇలాంటి గుట్టను మిగల్చలేదు. ఆ లోటు తీర్చేది సముద్రతీరం. పాత రేవైన ఆస్టియా దగ్గర టైబర్ నదీముఖం ఇసుకతో పూడుతూ పెద్ద ఓడలకు పనికిరాకపోవడంతో, క్రీ.శ. 42లో క్లాడియస్ చక్రవర్తి ఉత్తరాన కొత్త రేవు మొదలుపెట్టాడు. అది కూడా భద్రం కాలేదు. క్రీ.శ. 62 తుపానులో రేవులోనే దాదాపు 200 ఓడలు మునిగాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తర్వాత ట్రాజన్ చక్రవర్తి లోపలివైపు ఆరు భుజాల రేవు తవ్వించాడు. సరుకు అక్కడ చిన్న పడవల్లోకి మారేది. ఆ పడవలకు తాళ్లు కట్టి, గట్టు వెంబడి నడుస్తూ ఎదురు ప్రవాహంలో రోమ్ దాకా లాగేవారు. ఆస్టియాలో ఓడ వర్తకుల కొట్ల ముందు నేలపై ఓడలు, దీపస్తంభం, ఏనుగు బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ రేవులు కట్టించిందీ చక్రవర్తులే కదా, మళ్లీ వాళ్ల గొప్పేగా అంటారు. నిజమే. అయితే కొలోసియంలో ఆట ఒకరోజు ఆగితే ప్రేక్షకులు నిరాశపడతారు, ధాన్యం ఓడలు ఆగితే నగరంలో అల్లర్లు లేస్తాయి. ఆ భయమే ఇన్ని డబ్బులు నీళ్లలో పోయించింది. తీరం ముందుకు జరగడంతో ట్రాజన్ రేవు ఇప్పుడు సముద్రానికి సుమారు 3 కిలోమీటర్ల లోపల, ఫ్యూమిచినో విమానాశ్రయం పక్కన చెరువుగా మిగిలింది. టెస్టాచ్చోను ఆనుకుని ఉన్న స్టేషన్‌లో రైలెక్కితే ఆస్టియా అరగంట ప్రయాణం. రోమ్ వెళ్తే ఒక పూట ఈ చోట్లకు కేటాయించండి.