నాన్న పద్యాలకు ఏ ట్యాగులు?

పోయిన నెల పాత కంప్యూటర్ డిస్కు ఒకటి పారేసే ముందు తెరిచి చూశాను. అందులో రెండు ఫోల్డర్లున్నాయి. రెండూ నాన్న పద్యాల కోసం, న్యూజెర్సీ వచ్చిన కొత్తలో నేను కట్టిన వెబ్‌సైటువే. ఒకటి 2001 నాటిది, రెండోది 2004 నాటిది. మొదటి దాంట్లో నలభై పద్యాలు. రెండో దాంట్లోకి ఇరవై ఎనిమిదే వచ్చాయి, మిగతావి తీరిగ్గా టైపు చేద్దామనుకున్నాను. ఆ తీరిక దొరకలేదు. నాన్న పోయారు. తెనాలిలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆయన నోటుపుస్తకం ఎటు పోయిందో అక్కకీ తెలియదు, నాకూ తెలియదు. అంటే మిగిలిన పన్నెండు పద్యాలకీ ఇప్పుడున్న ఒకే ఒక్క ప్రతి ఆ 2001 ఫోల్డరే.

తెరిచాను. తెలుగక్షరం ఒక్కటి లేదు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య పౌండు గుర్తులు. పేజీ అడుగున మాత్రం "హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రకారం అంతా సవ్యం" అని డబ్ల్యూత్రీసీ వారి చిన్న బిళ్ళ.

ఆ బిళ్ళ అబద్ధమాడలేదు. తెరిచిన ట్యాగు మూశామా, ఒకదాంట్లో ఒకటి సరిగ్గా ఇమిడిందా అన్నదే వాలిడేటర్ చూస్తుంది. లోపలి మాట ఏ భాషో దానికి పట్టదు. ఆ రోజుల్లో మనవాళ్ళం చాలామందిమి చేసింది వేషం వేయించడమే. ఫైల్లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. వాటి బొమ్మల స్థానంలో తెలుగు బొమ్మలున్న ఫాంటు తొడిగేవాళ్ళం. "ఫాంటు ఇక్కడ దించుకోండి" అని పైన ఒక లింకు. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోయేది.

2004లో బుద్ధి వచ్చి యూనికోడ్‌కి మారాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ అప్పట్లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ గాలి వీస్తోంది. హెచ్‌టీఎంఎల్‌ని ఎక్స్ఎంఎల్ నియమాలతో తిరగరాసిన ఈ భాష 2000 జనవరిలో ప్రమాణమైంది. ట్యాగులన్నీ చిన్నక్షరాల్లో ఉండాలి, ప్రతిదీ మూయాలి, పంక్తి విరిచే బీఆర్ ట్యాగుకి కూడా చివర ఒక వాలుగీత పెట్టాలి. ఛందస్సు నేర్చిన వాడి కొడుకుని కదా, ఆ నియమాలు చూస్తే ముచ్చటేసింది. ఒక్క తప్పున్నా పేజీ చూపించనని ఎక్స్ఎంఎల్ అంటుంది. నిజంగానే ఒక లింకులో యాంపర్‌సాండ్ గుర్తుని విడిగా వదిలేసినందుకు మొజిల్లా నాన్న పద్యాలన్నీ దాచేసి, పసుపు తెర మీద ఎర్రక్షరాలతో నన్ను తిట్టింది. దిద్దుకున్నాను. గర్వంగా ఊరికి ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు నాన్న ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఫోన్.

"ఒరే, నీ పేజీ తెరుచుకోవడం లేదురా. దాచుకోమంటోంది. ఎక్కడ దాచుకోను?"

సంగతేమిటంటే, ఇది ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని సర్వర్ చేత నేను నిజం చెప్పించాను. అక్కడున్నది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6. దానికి ఆ రకం తెలియదు. తెలియని ఫైలు వస్తే దించి దాచుకుంటారా అని అడుగుతుంది. 2011లో తొమ్మిదో సంచిక వచ్చేదాకా దాని తీరు అదే. గంటకింత అని డబ్బు కట్టి నాన్న చూసింది ఆ చిన్న పెట్టెని మాత్రమే. ఆ రాత్రే సర్వర్లో ఒక వరస మార్చి, ఇది మామూలు హెచ్‌టీఎంఎలే అని చెప్పించాను. పేజీ తెరుచుకుంది. దాంతో నా నియమనిష్ఠలన్నీ బ్రౌజర్ లెక్కలో ఎగిరిపోయాయి. వాలుగీతలన్నిటినీ అది చూసీ చూడనట్టు వదిలేసింది. లోకంలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని రాసుకున్న పేజీల్లో చాలా భాగం అలా మారువేషంలో తిరిగినవే.

అదే 2004లో ఆపిల్, మొజిల్లా, ఓపెరా మనుషులు కొందరు విడిగా కూడి, జనం రాసే తప్పుల హెచ్‌టీఎంఎల్‌నే బాగు చేద్దామన్నారు. పాత పేజీలతో పొసగని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2ని డబ్ల్యూత్రీసీ 2009లో వదిలేసింది. 2014లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణమైంది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వీడియో ట్యాగు కాదు. తప్పు దొర్లితే బ్రౌజర్ ఎలా సర్దుకోవాలో కూడా అందులో అడుగడుగునా రాసిపెట్టారు. మూయని ట్యాగుని అన్ని బ్రౌజర్లూ ఒకేలా అర్థం చేసుకుంటాయి. చదివేవాడికి పసుపు తెర రాదు.

ఇప్పుడు ఆ పన్నెండు పద్యాలు. ఫాంటు ఫైలు కూడా అదే ఫోల్డర్లో ఉండటం నా అదృష్టం. ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక రాసుకున్నాను. ముక్కలే సుమా, అక్షరాలు కావు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒకటి, ఒత్తు ఒకటి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కుదిర్చేసరికి కాఫీ చల్లారిపోయింది. మూడు వారాంతాలు పట్టింది.

సైటుకి మామూలు హెచ్‌టీఎంఎలే వాడాను, యూటీఎఫ్-8లో. భాష తెలుగని చెప్పే లాంగ్ గుర్తు కూడా పెట్టాను. లేకపోతే చూపులేని వారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతు ఎంచుకోలేదు. పద్యానికంటూ హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగు లేదు. బీఆర్ ఉన్నదే పద్యాల్లాంటి వాటి కోసమని ప్రమాణమే చెబుతోంది, సరే అన్నాను. కానీ నా దగ్గర దాచుకునే మూలప్రతి మాత్రం టీఈఐలో రాశాను. పాత గ్రంథాలను కంప్యూటర్లోకి ఎక్కించడానికి పండితులు 1987లో మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడది ఎక్స్ఎంఎల్. అందులో పాదానికి ఒక ట్యాగు, పద్యానికి ఒకటి ఉన్నాయి. తప్పుంటే ఒప్పుకోదు, కానీ ఆ తిట్లు తినేది నేనొక్కడినే. బ్రౌజర్‌కి కావలసిన పేజీ దాంట్లోంచి చిన్న ప్రోగ్రాము తయారు చేస్తుంది.

మొదటి పద్యం చూసి అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మూడో పాదంలో పదో అక్షరం దగ్గర యతి కుదరలేదు. నాన్న ఉత్పలమాలలో యతి తప్పుతారా?"

పాత ఫైల్లోనూ అలాగే ఉంది. తప్పింది నాన్నో, 2001లో నా వేళ్ళో చెప్పే నోటుపుస్తకం లేదు. టీఈఐలో సిక్ అని ఒక ట్యాగుంది, తప్పులా కనిపిస్తున్నా మూలంలో ఇలాగే ఉంది అని చెప్పడానికి. ఆ మాట చుట్టూ అది పెట్టాను. పక్కనే సవరణకి ఇంకో ట్యాగు. అక్క రెండు మాటలు సూచించింది. ఏదీ ఇంకా ఎక్కించలేదు.