రాగి పిండిలో గోధుమ నలుసు

భిలాయి ఉక్కు నగరంలోని మరోదాలో తెలుగువారింటి పొద్దుటి ఇడ్లీ, దోసె, రాగి జావల్లో సహజంగా గ్లూటెన్ ఉండదు. అయితే ఇంట్లో ఎవరికైనా సీలియాక్ వ్యాధి ఉంటే, ధాన్యం పేరు చూసి నిశ్చింతగా ఉండలేం.

ఈ వ్యాధి ఉన్నవారిలో గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ ప్రోటీన్‌కు రోగనిరోధక వ్యవస్థ స్పందించి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. జీవితాంతం గ్లూటెన్ మానడమే చికిత్స.

మన దేశ నిబంధనల ప్రకారం ప్యాకెట్‌పై ‘గ్లూటెన్ రహితం’ అని రాయాలంటే, కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. గోధుమ పిండిలో గ్లూటెన్ సుమారు 8 శాతం అనుకుంటే, ఒక్క గ్రాములో 80 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే గ్రాము గోధుమ పిండి కలిస్తే చాలు, 4 కిలోల రాగి పిండి ఆ పరిమితిని చేరుతుంది!

గోధుమలు ఆడిన మరలోనే రాగులు పోస్తే, రాళ్ల మధ్య మిగిలిన పిండి వాటిలో కలుస్తుంది. ఒకే యంత్రంపై రెండు రకాలూ ప్యాక్ చేసే ఫ్యాక్టరీలోనూ ఇదే ప్రమాదం. ఓట్స్‌లోకి పొలంలోనో, రవాణాలోనో బార్లీ, గోధుమ గింజలు చేరవచ్చు. దోసె మిక్స్‌లు, ఇడ్లీ పొడుల్లో వాడే ఇంగువలో తరచూ గోధుమ పిండి కలిపి ఉంటుంది. ఉడికించినా గ్లూటెన్ పోదు.

అందుకే పదార్థాల జాబితాతో పాటు ‘గోధుమ ఉండవచ్చు’ అన్న హెచ్చరిక కూడా చూడాలి. రాగులను గింజలుగా కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి, విడిగా ఉంచిన మిక్సీ జార్‌లో పట్టుకోవడం మేలు. వ్యాధి అనుమానం ఉంటే మాత్రం, గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేస్తే వ్యాధి బయటపడకపోవచ్చు.