చీరాల చూసిన రెండు వలసలు: దుగ్గిరాలవారిని తలచుకుంటూ

రామాపురం సముద్రపు ఒడ్డు నుంచి వేటపాలెం మీదుగా చీరాలకు దారి ఎంతో లేదు. ఈ చుట్టుపక్కలే రెండు వలసలు జరిగాయి. 1921లో చీరాల జనం ఊరు విడిచి బయటికి పోయారు. 1985లో కారంచేడు మాదిగలు ఊరు విడిచి చీరాలకు వచ్చారు. మొదటిది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండవది చాలామందికి ఒక కోర్టు కేసు మాత్రమే. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాల్సిన అవసరం మనకుంది, ఎందుకంటే రెండూ పాలన గురించినవే.

ముందు పెద్దాయన గురించి. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడింబరోలో ఎం.ఎ. చదివి వచ్చారు. ఆ చదువుతో ఏ సర్కారు కొలువులోనైనా స్థిరపడగలిగీ చీరాల నేతగాళ్ల మధ్యకు వచ్చి కూచున్నారు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏటా 4,000 రూపాయల దగ్గర ఉన్న పన్ను 40,000 వరకు పోతుందని జనం గగ్గోలు పెట్టారు. నీళ్లు లేవు, దీపాలు లేవు, పన్ను మాత్రం ఉంది. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. పన్ను కట్టనివాళ్లు జైలుకు పోయారు. స్థానిక పాలన శాఖ అప్పుడు దేశీయ మంత్రి పానగల్ రాజాగారి చేతిలోనే ఉంది; అయినా సర్కారు దిగిరాలేదు.

1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి చూసి, ఊరు ఖాళీ చేస్తే అక్కడ మునిసిపాలిటీ ఉండదు గదా అన్న దారి కూడా చూపించాడు. సుమారు 15,000 మంది ఉన్న ఊళ్లలో ఎక్కువమంది ఇళ్లు వదిలి, పొలిమేర బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. ఎండా వానా భరించి దాదాపు పదకొండు నెలలున్నారు. గోపాలకృష్ణయ్యగారి రామదండు వాళ్లకు అండగా నిలిచింది. నిషేధాన్ని కాదని బరంపురంలో మాట్లాడినందుకు ఆయన్ని ఏడాది జైల్లో పెట్టారు. నాయకుడు లేక, డబ్బు లేక, జనం తిరిగి ఇళ్లకు చేరారు. 1928లో క్షయతో ఆయన పోయేనాటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. సొంతానికి ఏమీ వెనకేసుకోని మనిషి. ఆ మాట ఆయన విరోధులు కూడా అంటారు.

ఇంతవరకు గౌరవమే. ఇక వాడ వైపు నుంచి అడగాల్సిన మాటలున్నాయి. రామనగర్‌లో వేల పాకలు లేస్తే వీధులు ఊడ్చిందెవరు? చచ్చిన పశువును ఈడ్చిందెవరు? ఏ బావి నీళ్లు ఎవరు తోడుకున్నారు? 1920 నాటి మద్రాసు మునిసిపాలిటీల చట్టం ప్రకారం ఓటు పన్నుకు ముడిపడి ఉండేది. ఆస్తి లేనివాడికి పన్ను లేదు, పన్ను లేనివాడికి ఓటు లేదు. అంటే మునిసిపాలిటీ వద్దన్న పోరాటంలోనూ, కావాలన్న కౌన్సిల్లోనూ మాట్లాడే అర్హత ఇంటిపన్ను కట్టేవాడిదే. మురికి ఎత్తే చేతికి రెండు చోట్లా నోరు లేదు.

అలాగని పట్టణ పాలనే వద్దు అందామా? అక్కడే మన దారి దుగ్గిరాలవారి దారి నుంచి విడిపోతుంది. ఆయనకు మునిసిపాలిటీ అంటే పరాయి సర్కారు పెత్తనం. మనకు అది పోతే మిగిలేది ఊరిపెద్దల పెత్తనం. 1924లో మహద్ మునిసిపాలిటీ చౌదార్ చెరువును అందరిదీ అని తీర్మానించింది. ఆ కాగితం ఉండబట్టే 1927 మార్చిలో అంబేడ్కర్ జనాన్ని వెంటబెట్టుకుని పోయి నీళ్లు తాగగలిగారు. అదే ఏడు ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది, అదీ నిజమే. కాని రద్దు చేయాల్సి వచ్చిందంటే ఆ తీర్మానానికి బలం ఉన్నట్టే గదా. మద్రాసు శాసనమండలిలోనూ 1924లో ఆర్. వీరయ్యన్ ఇలాంటి తీర్మానమే తెచ్చారు: రోడ్లు, బావులు అందరివీ అని. పల్లెను అంబేడ్కర్ 1948లో రాజ్యాంగ సభలో ఎందుకంత కఠినంగా విమర్శించారో కారంచేడు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కారంచేడులో గొడవ మొదలైంది కూడా నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్టు కడిగి మురికి చేస్తుంటే వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జూలై 17న, గుంపుగా వచ్చి పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఊరికి పోమన్నారు. ఆ పట్టుదల వల్లే చీరాలలో విజయనగర్ కాలనీ లేచింది. సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది.

మొదటి వలస పట్టణం వద్దని, రెండవది పట్టణంలో చోటు కావాలని. మొదటివాళ్లు తిరిగి పోవడానికి ఇళ్లున్నాయి. రెండవవాళ్లు తిరిగి పోతే ప్రాణానికి హామీ లేదు.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ జనాభాను బట్టి మనకు వార్డుల్లో సీట్లిచ్చింది, చైర్మన్ పదవుల్లో రిజర్వేషన్‌కు దారి తీసింది. ఇది చిన్న విషయం కాదు. అయితే కుర్చీ మనవాడిది, తాళాలు కమిషనర్ దగ్గర, నిధులు రాజధానిలో! పన్నెండవ షెడ్యూలు 18 పనులు రాసిపెట్టింది. అప్పజెప్పాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టానికి వదిలేసింది. 2014 తర్వాత మన రాష్ట్రంలో మునిసిపల్ ఎన్నికలు మళ్లీ జరిగింది 2021 మార్చిలో. నడుమ ఏడాదిన్నరకు పైగా అధికారుల పాలనే.

ఇక ఊడ్చేవాళ్ల సంగతి. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా మునిసిపల్ పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వారం తిరక్కముందే చెత్తకుప్పలు చూసి పట్టణాలు ముక్కు మూసుకున్నాయి. వాళ్లలో అత్యధికులు ఎవరో, ఏ పేటల నుంచి వస్తారో కౌన్సిలర్లకు తెలుసు. వాళ్ల కాంట్రాక్టు గురించి కౌన్సిల్లో ఎన్నిసార్లు చర్చ జరిగిందో మినిట్స్ పుస్తకం చూస్తే తెలుస్తుంది. చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి కాలేజీ పిల్లలు ఒక్క సెలవురోజు పనిగా ఆ పుస్తకాలు అడిగి చదవండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. దరఖాస్తుకు పెద్ద ఖర్చేమీ కాదు.