పాత పెట్టెలకు క్రొత్త గొంతు

చిట్కుల్‌లో మా ఎదురింట అద్దెకుండి చదువుకొనే కుర్రవాడు ఒకనాడు వచ్చి, "అయ్యగారూ, నా పాత స్పీకర్లు గరగరమంటున్నాయి. ఎక్కువ వాట్ల యాంప్లిఫయరు కొంటాను. పరీక్ష ఫీజుకని నాన్న పంపిన డబ్బున్నది" అన్నాడు. మేము ఆగమన్నాము.

వాట్లు రెండింతలైతే ధ్వని రెండింతలు కాదు. చెవికి కొంచెమే హెచ్చినట్టు తోచును. జాలీ విప్పి చూస్తే కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు పొడిపొడిగా రాలుతున్నది. ఏండ్లు గడిస్తే స్పాంజి గతి అంతే. యాంప్లిఫయరు తప్పేమీ లేదు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి క్రొత్త అంచులు తెచ్చాడు. చేతులనిండా జిగురే! అంటించి రాత్రంతా ఆరనిచ్చాము. మూలన నేలమీదున్న పెట్టెలను గోడకు ఎడంగా జరిపి, కూర్చున్నవారి చెవి ఎత్తుకు వచ్చేటట్లు స్టూళ్లమీద నిలిపాము. మూలనుంటే డోలక్ మ్రోత బుంయిమంటూ పాటలోని మాటలను మింగివేయును. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

మాటలు స్పష్టంగా వినబడేసరికి ఉత్సాహం పట్టలేక, మరొక జత స్పీకర్లు కూడ కలుపుతానన్నాడు. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓములే అగును. 8కి చేసిన యాంప్లిఫయరు వేడెక్కి కాలిపోవచ్చు. మందిరపు యాంప్లిఫయరును మేము అట్లే కాల్చుకొన్నాము, అది వేరే కథ. శుక్రవారమే ఫీజు కట్టి, రసీదు తెచ్చి చూపించాడు.