ఎద్దు, గొయ్యి, తాకట్టు దుప్పటి: మిష్పాతీమ్ చెప్పే న్యాయం

యూదులు తమ పవిత్ర గ్రంథమైన తోరాను 54 భాగాలు చేసుకుని, వారం వారం చదువుతూ ఏడాదికి ఒకసారి పూర్తి చేస్తారు. చేత్తో తోలు మీద రాసిన చుట్టను శనివారం ఉదయం తమ ప్రార్థనాలయమైన సినగాగులో విప్పి, ఆ వారానికి వంతు వచ్చిన భాగాన్ని అందరూ వినేలా చదువుతారు. ఈ భాగాల్లో 18వది ‘మిష్పాతీమ్’, అంటే న్యాయవిధులు. తెలుగు బైబిల్లో నిర్గమకాండం 21 నుంచి 24 దాకా ఉన్న అధ్యాయాలే ఇవి. సాధారణంగా జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ఈ భాగం చదువుతారు.

దీనికి ముందు వారం చదివేది సీనాయి కొండ ఘట్టం. ఉరుములు, పొగ, బూర ధ్వని, పది ఆజ్ఞలు అందులో ఉంటాయి. ఆ వెంటనే మిష్పాతీమ్‌లో పొడిచే ఎద్దు, మూత వేయని గొయ్యి, పొరుగు చేలో మేసిన పశువు, అరువు తెచ్చుకున్న గాడిద వరుసకడతాయి. పది ఆజ్ఞలు సీనాయి మీద వచ్చినట్టే ఈ విధులూ అక్కడి నుంచే వచ్చాయని 11వ శతాబ్దపు ఫ్రాన్స్ వ్యాఖ్యాత రాషీ వివరించాడు. తోరాలో మొత్తం 613 విధులని సంప్రదాయ లెక్క. వాటిలో 53 ఈ ఒక్క భాగంలోనే ఉన్నాయని మధ్యయుగపు గ్రంథం ‘సేఫెర్ హఖినూఖ్’ లెక్కగట్టింది. పొరుగువాడికి చేసిన నష్టం పూడ్చడం దేవుడి ముందు ప్రార్థనతో సమానమైన బాధ్యత అన్నదే ఈ అధ్యాయాల ప్రాణం.

నష్టపరిహారం సంగతి ఎద్దుతో మొదలుపెడదాం. ఒకరి ఎద్దు మరొకరి ఎద్దును పొడిచి చంపితే, బతికిన ఎద్దును అమ్మి ఆ సొమ్మునూ, చచ్చినదాన్నీ ఇద్దరూ చెరిసగం పంచుకోవాలి. అది పొడిచే ఎద్దని ముందే తెలిసీ యజమాని కట్టడి చేయకపోతే నష్టమంతా అతనిదే. మూడుసార్లు పొడిచిన ఎద్దు ‘తెలిసిన ఎద్దు’ అవుతుందని తర్వాతి రబ్బీలు, అంటే యూదు ధర్మశాస్త్ర పండితులు, నిర్ణయించారు. చెరిసగం పంచుకోవాలన్న ఈ నియమం, ఇంచుమించు ఇదే రూపంలో, ఇంకా పాతదైన మెసపొటేమియా నగరం ఎష్నున్నా చట్టాల్లోనూ కనిపిస్తుంది. ఆ చట్టాలు రాసిన మట్టి పలకలు 1940లలో బాగ్దాద్ దగ్గర తవ్వకాల్లో దొరికాయి. అంటే మిష్పాతీమ్ శూన్యంలో పుట్టలేదు. అయితే తేడాలు గట్టివి. బాబిలోను రాజు హమ్మురాబి చట్టంలో ఇల్లు కూలి ఇంటివారి కొడుకు చనిపోతే, కట్టినవాడి కొడుకును చంపాలి. తోరాలో తండ్రి నేరానికి బిడ్డను బలిచేసే శిక్ష లేదు. హమ్మురాబి పరిహారం కట్టలేని దొంగకు మరణం విధించాడు. తోరా దొంగ చేత రెట్టింపు కట్టించింది. ఎద్దును దొంగిలించి కోసినా అమ్మినా ఐదింతలు, గొర్రెకైతే నాలుగింతలు కట్టాలి. కట్టలేనివాడిని మాత్రం దాస్యానికి అమ్మేవారు.

మిష్పాతీమ్‌లో లోకమంతటికీ తెలిసిన మాట ‘కంటికి కన్ను, పంటికి పన్ను’. దీన్ని పగ తీర్చుకోమనే ఆజ్ఞగా చాలామంది అనుకుంటారు. యూదు న్యాయశాస్త్రం అలా చదవలేదు. కన్ను పొడిచినవాడు కన్ను ఖరీదు కట్టాలన్నదే దీని అర్థమని రబ్బీల చర్చల సంకలనమైన తాల్ముద్ తేల్చింది. నిందితుడు అప్పటికే గుడ్డివాడైతే ఏం చేస్తారు, ఒకడి కన్ను పెద్దది, మరొకడిది చిన్నదైతే సమానత ఎక్కడుంది అని రబ్బీలు వాదించారు. హంతకుడి ప్రాణానికి బదులు డబ్బు తీసుకోకూడదని తోరా వేరేచోట చెబుతుంది కనుక, అవయవానికి తీసుకోవచ్చని తర్కించారు.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన రబ్బీల విధుల సంకలనం మిష్నా ఈ పరిహారాన్ని ఐదు పద్దులు చేసింది. అంగనష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పోయిన కూలి, పడ్డ అవమానం. చెయ్యి పోయినవాడికి కోలుకునేదాకా కూలి కట్టేటప్పుడు, దోసతోట కాపలాదారు కూలిని లెక్కలోకి తీసుకుంటారు. పోయిన చేతికి ఖరీదు విడిగా కట్టారు కనుక, ఇప్పుడు అతను చేయగల పని అదేనని. ఆ మిష్నాలోనే అన్నిటికన్నా లోతైన మాట ఒకటి ఉంది. ఐదు పద్దుల సొమ్మూ కట్టినా, గాయపడ్డవాడిని స్వయంగా క్షమాపణ అడిగేదాకా దోషం తీరదు. సొమ్ముతో కోర్టు పని అయిపోతుంది, మనిషి పని మిగిలే ఉంటుంది.

మిష్పాతీమ్‌లోని విధులను బట్టి, ఇతరుల సొత్తు దగ్గర పెట్టుకున్నవారిని రబ్బీలు నాలుగు రకాలుగా చూశారు. ఊరికే కాపాడేవాడు అజాగ్రత్తకు మాత్రమే బాధ్యుడు. కూలి తీసుకుని కాపాడేవాడూ, అద్దెకు తీసుకున్నవాడూ వస్తువు పోయినా, దొంగల పాలైనా కట్టుకోవాలి. అరువు తెచ్చుకున్నవాడు ప్రమాదానికి కూడా బాధ్యుడే. లాభం ఎవరిదో భారం వారిదే.

ఇదే భాగంలో నష్టపరిహారంతో సంబంధం లేని విధులు కూడా ఉన్నాయి. పేదవాడి దుప్పటి తాకట్టు పట్టుకుంటే పొద్దు గూకేలోగా తిరిగి ఇచ్చేయాలి, అది లేకపోతే అతను దేన్ని కప్పుకుని పడుకుంటాడని తోరా అడుగుతుంది. సాటివాడికిచ్చిన అప్పుకు వడ్డీ తీసుకోకూడదు. శత్రువు గాడిద బరువు కింద కూలబడితే చెయ్యి వేయాలి. ఒకవైపు మిత్రుడు, మరోవైపు శత్రువు సాయం కోరితే, ద్వేషాన్ని అణచడానికి శత్రువు దగ్గరికే ముందు వెళ్లమంది తాల్ముద్. న్యాయమూర్తి లంచం ముట్టకూడదు. పేదవాడన్న జాలితో తీర్పు అతని వైపు తిప్పనూ కూడదు. పరదేశిని బాధపెట్టవద్దన్న ఆజ్ఞ ఇందులో రెండుసార్లు వస్తుంది. ‘మీరూ ఈజిప్టులో పరదేశులుగా ఉన్నారు’ అన్నదే దానికి కారణం. ఈ హెచ్చరిక తోరా మొత్తంలో 36 సార్లు ఉందని తాల్ముద్‌లో ఒక రబ్బీ లెక్క.

ఈ భాగం బానిసత్వాన్ని రద్దు చేయలేదు. అది కాదనలేని లోటు. హెబ్రీ దాసుడు ఆరేళ్లు పనిచేసి ఏడో ఏట ఊరికే విడుదల కావాలనీ, యజమాని కొట్టి కన్నో పన్నో పోగొడితే బానిసకు స్వేచ్ఛ ఇవ్వాలనీ హద్దులు మాత్రం గీసింది.

మిష్పాతీమ్‌లోని న్యాయవిధులను 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ ‘మిష్నే తోరా’లోనూ, 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో ‘షుల్ఖాన్ ఆరూఖ్’లోనూ క్రమబద్ధం చేశారు. ఇజ్రాయెల్‌లో 1967లో చేసిన కాపలాదారుల చట్టం పాత నాలుగు రకాల విభజన నుంచే ఎక్కువగా తీసుకుంది. లండన్, న్యూయార్క్ నగరాల్లోని యూదు న్యాయసభలు నేటికీ వ్యాపార తగాదాలను ఈ సూత్రాలతో పరిష్కరిస్తున్నాయి. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ తీర్పులను మధ్యవర్తిత్వ చట్టాల కింద అక్కడి ప్రభుత్వ కోర్టులు అమలు చేస్తాయి.