మోనార్క్ సీతాకోకచిలుక వలస

అర గ్రాము బరువుండే మోనార్క్ సీతాకోకచిలుక ఏటా శరదృతువులో కెనడా, అమెరికాల నుండి మెక్సికో పర్వతారణ్యాలకు సుమారు 4000 కిలోమీటర్ల వరకు పయనిస్తుంది. సూర్యగమనమే దానికి దిక్సూచి. 1975లో గాని శాస్త్రజ్ఞులకు ఆ విడిది జాడ తెలియలేదు. అక్కడి ఫర్ వృక్షాలపై లక్షలాదిగా గుమిగూడి ఇవి చలికాలం గడుపుతాయి. వసంతంలో ఉత్తరానికి మరలి, జిల్లేడు కుటుంబానికి చెందిన పాలమొక్కలపై గుడ్లు పెట్టి మరణిస్తాయి. గొంగళిపురుగులకు ఆ ఆకులే ఏకైక ఆహారం. ఆకులలోని విషం దేహంలో చేరి, పక్షుల బారి నుండి వాటిని కాపాడుతుంది. వేసవి తరాలు కొన్ని వారాలే జీవిస్తాయి. మూడు నాలుగు తరాల తరువాత పుట్టినవి మాత్రం 8 నెలల వరకు జీవించి, తామెన్నడూ చూడని పూర్వుల అడవికే చేరుకుంటాయి. నేడు కలుపు మందుల వలన పాలమొక్కలు, నరికివేత వలన అడవులు క్షీణిస్తున్నాయి. ఈ రెండింటిలో ఏది నశించినా ఆ మహాయాత్ర ఆగిపోతుంది.