చివరి దశ అన్నారు... ఏ మందు నమ్మాలి?

ఎర్రగుంట్లలో దగ్గును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు, నాపరాళ్లు కోసే యూనిట్లు, పక్కనే థర్మల్ కేంద్రం. దుమ్ము పడి దగ్గు వచ్చిందనుకుంటారు. తగ్గకపోతే క్షయ అనుకుని నెలల తరబడి ఆ మాత్రలు మింగుతారు. ఇంతలో ఊపిరితిత్తుల్లో గడ్డ పెరుగుతుంది. తిరుపతికో వేలూరుకో రైలెక్కి వెళితే అక్కడి డాక్టరు స్కానింగ్ చూసి 'నాలుగో దశ' అంటాడు.

ఆ కబురు తెలిసిన సాయంత్రం ఇల్లంతా బంధువులే. ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతారు. మామూ కలోంజీ నూనె అంటాడు. పక్కింటి చాచీ లక్ష్మణ ఫలం ఆకుల కషాయం తాగించమంటుంది. మరొకరు కర్ణాటకలో షిమోగా జిల్లా నరసీపురకు పోదామంటారు. అక్కడి చెట్టు బెరడు మందు కోసం రాయలసీమ నుంచి కూడా కేన్సర్ రోగులు వెళ్లి వరుసల్లో నిలబడేవారు. చదువుకున్న మేనల్లుడు మాత్రం ఫోన్లో 'విదేశాల్లో కొత్త మందు వచ్చిందట, ప్రయోగాల్లో చేర్పించండి' అంటాడు. ఎవరి మాటలోనూ దురుద్దేశం లేదు. కానీ ఇంట్లో ఉన్నది ఒక్క ప్రాణం, అమ్మడానికి ఉన్నది ఆడపిల్ల పెళ్లికి దాచిన నాలుగు తులాల బంగారం.

ఏ మందుకైనా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. గడ్డ నుంచి తీసిన ముక్కకు జన్యు పరీక్ష చేశారా? మన దేశంలో ఈ కేన్సర్‌లోని ఒక ప్రధాన రకంలో సుమారు నాలుగో వంతు మందికి ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. పొగ ముట్టని వారిలో, స్త్రీలలో ఇది మరింత ఎక్కువ. అలాంటివారికి జెఫిటినిబ్ వంటి మాత్రలున్నాయి. ఒకప్పుడు ఇదీ ప్రయోగ దశలోని మందే. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. ఈ మాత్ర గడ్డను పూర్తిగా మాయం చేస్తుందని కాదు, రోగిని లేపి కూర్చోబెట్టి కొంతకాలం నిలబెడుతుంది. అయితే 1,217 మంది ఆసియా రోగులపై జరిగి 2009లో వెలువడిన పరీక్షలో ఒక సంగతి బయటపడింది. జన్యు మార్పు ఉన్నవారికి ఈ మాత్ర కీమోథెరపీ కంటే బాగా పనిచేసింది, లేనివారికి కీమో కంటే అధ్వాన్నంగా పనిచేసింది. పక్క ఊరి రోగికి నయమైంది కదా అని అదే మాత్ర కొనుక్కురావడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సంతకమా, డబ్బా?

ప్రయోగాలంటే మన ప్రాంతంలో భయముంది. కారణం లేకపోలేదు. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు వేసిన టీకాల వ్యవహారంలో చాలామంది తరఫున హాస్టలు వార్డెన్లే సంతకాలు చేశారని తేలింది. పిడుగురాళ్ల పేద మహిళలపై కేన్సర్ మందు పరీక్షలు జరిగాయని 2011లో గగ్గోలు పుట్టింది.

2019లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగికి అన్నీ అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఆ ప్రయోగం ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. నిజమైన ప్రయోగం మీ సంతకం అడుగుతుంది. ప్రయోగ మందుకు సాధారణంగా మీ డబ్బు అడగదు. స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ అని చెప్పి లక్షలు కట్టమంటే అది ప్రయోగం కాదు, వ్యాపారం.

ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. 'అబ్బాకు చెప్పకండి, గుండె ఆగిపోతుంది' అని జబ్బు పేరు రోగికే దాచిపెడతాం. స్పృహలో ఉండి నిర్ణయించుకోగల మనిషి సంతకం తానే చేయాలి. తెలియని జబ్బుకు సమ్మతి ఎలా ఇస్తాడు? తీర్చవలసిన అప్పులు, రాయవలసిన వసీయత్ ఆయనకూ ఉంటాయి కదా!

కలోంజీ సంగతి

కలోంజీలో శిఫా ఉందన్న హదీసుపై మనకు విశ్వాసముంది. కానీ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు హారిస్ బిన్ కల్దా అనే వైద్యుని దగ్గరికి వెళ్లమని దైవప్రవక్త (స) చెప్పినట్టు హదీసుల్లోనే ఉంది. వైద్యం రానివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే అతడే బాధ్యుడన్నదీ ఉంది. కలోంజీలోని ఒక పదార్థం గాజుపాత్రలో కేన్సర్ కణాలను అడ్డుకున్నట్టు ప్రయోగశాలల్లో కనిపించింది. మనిషి ఛాతీలోని గడ్డ దానితో కరిగిందని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు. వంటలో వేసుకున్నంత కలోంజీతో ఇబ్బంది లేదు. సీసాలకు సీసాలు నూనె తాగించేటప్పుడు డాక్టరుకు చెప్పి తీరాలి, ఎందుకంటే కేన్సర్ మాత్రలు కూడా కాలేయం మీదే భారం వేస్తాయి.

లక్ష్మణ ఫలం మాట వేరు. కరీబియన్ దీవి గ్వాడెలోప్‌లో ఈ పండు, ఆకుల కషాయం విరివిగా వాడేవారిలో వణుకుడు రోగం లాంటి నరాల జబ్బు కనబడుతోందని 1999లో వైద్యులు రాశారు. పాదరసం, సీసం కలిసే భస్మాలు, కుష్తాలతో మూత్రపిండాలకు ముప్పు. కేన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఇన్ని చెప్పినా ఆకు మందు ఇచ్చే వారందరూ మోసగాళ్లని అనను. 'ఆస్పత్రి మాత్రలు ఆపెయ్, అప్పుడే నా మందు పనిచేస్తుంది' అన్నవాడి గడప మాత్రం మళ్లీ తొక్కకండి.

మార్ఫిన్ హరామా?

అమెరికాలోని బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ రోగులు 151 మందిపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే ఉపశమన వైద్యం అందినవారు సగటున 11.6 నెలలు బతికారు. అది అందనివారు 8.9 నెలలు. పైగా మొదటివారు చివరి రోజుల్లో కీమో తక్కువగానే తీసుకున్నారు.

మత్తు పదార్థమని మార్ఫిన్‌కు మనవాళ్లు జంకుతారు. అవసరమైన చికిత్సకు అవసరమైన మోతాదులో వాడడానికి ఫిఖ్హ్ పండితులు అనుమతించారు. డాక్టరు చెప్పిన కొలతలో ఇస్తే నొప్పీ, ఊపిరాడని బాధా రెండూ తగ్గుతాయి. 2014లో చట్టం సవరించి దీన్ని ఆస్పత్రులు తెప్పించుకోవడం సులువు చేశారు. తిరుపతిలో 2022లో ప్రారంభమైన టాటా వారి కేన్సర్ ఆస్పత్రికి గానీ, కర్నూలు ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రికి గానీ వెళ్లినప్పుడు జన్యు పరీక్ష గురించి, ఎన్.టి.ఆర్. వైద్య సేవ కార్డు గురించి ఎలాగూ అడుగుతారు. ఉపశమన వైద్యం ఎవరు చూస్తారో కూడా ఆ రోజే అడిగి రండి.